అక్టోబరులో కనిపించని మగ క్వోల్‌లు: పిల్బరా గుట్టల నుంచి ఒక కేస్ స్టడీ

ఈ కేసు పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో, ఇనుప ఖనిజం నిండిన ఒక ఎర్రటి గుట్టల వరుసలో మేము ఒకే సంవత్సరం రెండు విడతలుగా జరిపిన వన్యప్రాణి సర్వేకు సంబంధించినది. జూన్‌లో జరిగిన మొదటి విడతలో ఉత్తర క్వోల్ అనే చిన్న మాంసాహార జంతువులు 11 మా బోనుల్లో పడ్డాయి. వాటిలో 6 మగవి, 5 ఆడవి. అక్టోబరు ఆఖరి వారంలో అవే చోట్ల, అన్నే బోనులతో, అన్నే రాత్రులు మళ్లీ వెతికితే ఆడవి 4 దొరికాయి గాని మగది ఒక్కటీ దొరకలేదు. ఆ ఖాళీని మేము మొదట తప్పుగా అర్థం చేసుకున్నాం. ఎలా తప్పాం, దేనివల్ల దిద్దుకున్నాం, దిద్దుకున్న తర్వాత కూడా ఎక్కడ తప్పు మిగిలిపోయింది అన్నది ఇక్కడ రాస్తున్నాను. ఆ నేల మీద హక్కున్న ఆదివాసుల కోరిక మేరకు గుట్టల పేరు చెప్పడం లేదు. పని అప్పగించిన సంస్థ పేరుతో కూడా ఇక్కడ పని లేదు.

జంతువు గురించి కొంత

తెలుగు పాఠకులకు క్వోల్‌ను పరిచయం చేయడం కొంచెం కష్టమే, ఎందుకంటే మన అడవుల్లో దానికి సాటి వచ్చే జీవి లేదు. మూతి చూస్తే ముంగిస, ఒంటి మీది మచ్చలు చూస్తే పునుగుపిల్లి, రాళ్ల మీద ఉరికే తీరు చూస్తే ఉడుత గుర్తుకొస్తాయి; చుట్టరికం మాత్రం ఈ మూడింటిలో దేనితోనూ లేదు. కంగారూ, కోవాలాల మాదిరిగా పిల్లల్ని సంచిలో పెంచే జంతువుల తెగలో డాస్యూరిడే అనే మాంసాహార కుటుంబం ఒకటుంది. టాస్మేనియన్ డెవిల్ ఆ కుటుంబానికి పెద్దన్న. పిల్బరా గడ్డి దుబ్బుల్లో తిరిగే నింగౌయి పది గ్రాములైనా తూగని చిట్టి తమ్ముడు. క్వోల్‌లు ఈ రెండింటికీ నడుమ నిలుస్తాయి. మొత్తం 6 జాతుల్లో 4 ఆస్ట్రేలియాలో, 2 న్యూగినీలో ఉన్నాయి. ఆస్ట్రేలియాలోని నాలుగింటిలో డాస్యూరస్ హల్లుకేటస్ అన్న శాస్త్రీయ నామం గల ఉత్తర క్వోల్ అన్నిటికంటే చిన్నది. ఆడవి సాధారణంగా 300 నుంచి 500 గ్రాములు, మగవి 400 నుంచి 900 గ్రాములు తూగుతాయి. ‘క్వోల్’ అన్న మాట కూడా అక్కడి నేలదే: 1770లో కెప్టెన్ కుక్ ఓడ మరమ్మతు కోసం ఈశాన్య తీరంలో ఒక నది ఒడ్డున ఆగినప్పుడు గూగు యిమిధిర్ ప్రజల నోట విన్న పేరు అలా స్థిరపడింది.

ఇది రాత్రి తిరిగే జీవి. పగలంతా రాతి నెర్రెల్లోనో, చెట్టు తొర్రల్లోనో, చెదపుట్టల్లోనో పడుకుంటుంది. పిల్బరాలో చెట్లు తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి అక్కడ రాయే దాని ఇల్లు. లోతైన నెర్రె ఎండను ఆపుతుంది, గడ్డి కాలినప్పుడు మంటను ఆపుతుంది, పిల్లి పంజాను కూడా ఆపుతుంది. వెనక పాదాల్లో బొటనవేలు ఉండటం, అరికాళ్ల మెత్తల మీద గరుకైన గీతలు ఉండటం వల్ల నిట్టనిలువు రాతి మీద కూడా జారకుండా పరుగెత్తగలదు. శాస్త్రీయ నామంలోని రెండో మాట ఆ బొటనవేలి గురించే. మాంసాహారి అన్న ముద్ర మాత్రం దీనికి పూర్తిగా అతకదు. మలాన్ని విడదీసి చూస్తే ఎక్కువగా కనిపించేవి పేడపురుగుల వంటి గట్టి పెంకు పురుగుల రెక్కలు, కాళ్లు. ఆ తర్వాత ఎలుకల వెంట్రుకలు, బల్లి పొలుసులు, పక్షి ఈకలు. కాయల కాలంలో అయితే రాతి మేడి పళ్ల గింజలు గుప్పెడేసి. దొరికినది తినే జీవి అంటే సరిగ్గా సరిపోతుంది.

ఒకప్పుడు పిల్బరా నుంచి ఆగ్నేయ క్వీన్స్‌లాండ్ దాకా ఉత్తర ఆస్ట్రేలియా అంతటా పరుచుకున్న ఈ జంతువు ఇప్పుడు ముక్కలు ముక్కలుగా మిగిలింది. అందుకే 2005లో దీన్ని ఆస్ట్రేలియా జాతీయ చట్టం కింద అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించారు. గనికైనా, రైలు మార్గానికైనా, కంకర క్వారీకైనా రాతిగుట్టలను ముట్టుకునే ముందు క్వోల్ ఉందో లేదో చూడాల్సి రావడం, మావంటి వారికి అక్కడ పని దొరకడం ఈ ప్రకటన వల్లనే. పెర్త్ నగరంలో నాకు తెలిసిన తెలుగువారిలో చాలామంది పిల్బరా గనుల చుట్టూ పని చేసే ఇంజనీర్లే. గుట్టలో ఇనుము ఎంతుందో వారు లెక్కిస్తే, అదే గుట్టలో నెర్రెలెన్ని ఉన్నాయో నేను లెక్కిస్తాను.

జూన్ విడత

పద్ధతి క్లుప్తంగా చెబుతాను. గుట్ట అంచుల వెంట 50 బోనులను రెండు వరుసలుగా, ఒక్కొక్కటి 50 మీటర్ల దూరంలో పెట్టి, నాలుగు రాత్రులు తెరిచి ఉంచాం. ఎర పీనట్ బటర్, ఓట్స్, డబ్బా సార్డీన్ చేపలు కలిపి పిసికిన ముద్ద. వీటికి తోడు గడ్డి మైదానంలో చిన్న జీవుల కోసం మడత పెట్టే అల్యూమినియం పెట్టెలు, గుట్ట మీద కిందికి చూసేలా బిగించిన 10 కెమెరాలు పెట్టాం. క్వోల్ వీపు మీది తెల్ల మచ్చల అమరిక ఒక్కో జంతువుకు ఒక్కో రకంగా ఉంటుంది కాబట్టి, పై నుంచి తీసిన ఫొటో ఉంటే ఏది ఏదో చెప్పవచ్చు. సర్వే ముగిశాక బోనులు తీసేశాం గాని కెమెరాలు అక్కడే వదిలి వచ్చాం. తర్వాత మమ్మల్ని ఆదుకున్నది ఈ పనే. మొదట ముంచినదీ ఒక రకంగా ఇదే.

మొదటి రోజు తెల్లవారుజామున, ఇంకా తూర్పు తెల్లబడక ముందే, ఏడో బోను మీద కప్పిన గోనెగుడ్డ లోపలి నుంచి బుస వినిపించింది. పాము అనుకుని మా జట్టులోని కుర్రవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. బోను మూతికి గుడ్డసంచి ఆనించి గోనె పక్కకు లాగితే, చీకటి వైపే పోయే అలవాటు కొద్దీ జంతువు తనంతట తానే సంచిలోకి దూరింది. సంచి మీదుగా తల వెనుక వేళ్లు బిగించి పట్టుకుని, వీపు భాగం మాత్రమే బయటికి తీశాం. 640 గ్రాముల మగది. వేళ్ల కింద దాని మెడ కండరం తాడులా బిగుసుకుని ఉంది. బొచ్చు ఒత్తుగా, శుభ్రంగా ఉంది. సంచికి పులిసిన చేప వాసనతో కలిసిన ఏదో ఘాటైన కస్తూరి వాసన పట్టింది, అది రెండు రోజుల దాకా నా చొక్కాను వదల్లేదు. భుజాల మధ్య చర్మం కింద బియ్యపు గింజంత మైక్రోచిప్ ఎక్కించి, జన్యు పరీక్షకు చెవి అంచున చుక్కంత ముక్క తీసుకుని, తల పొడవు, పాదం పొడవు, వృషణాల కొలత రాసుకుని, పట్టిన చోటే వదిలాం. రికార్డులో దాని పేరు మ-4. నాలుగు రాత్రుల్లో అది మూడుసార్లు బోనులో పడింది. చేపముద్ద కోసం కావాలనే వస్తోందని నాకు అనిపించింది.

ఆ విడతలో పట్టిన మగవన్నీ ఏడాది లోపు వయసువే, అన్నీ బలంగానే ఉన్నాయి. ఆడవాటిలో రెండు మాత్రం సాగిన చనుమొనలను బట్టి అంతకు ముందు సంవత్సరం పిల్లల్ని పెంచినవని తెలిసింది. మగవాటిలో అలా రెండో ఏడు చూసినది ఒక్కటీ లేదన్న సంగతి రికార్డు పుస్తకంలో ఉంది. దాన్ని రాసింది నేనే. రాసి ఊరుకున్నాను.

అక్టోబరు విడత, మా పొరపాటు

రెండో విడత అక్టోబరు ఆఖరున జరగడానికి జీవశాస్త్ర కారణం ఏదీ లేదు. నవంబరు నుంచి తుఫానుల కాలం మొదలవుతుంది, ఆ లోపు నివేదిక కావాలని సంస్థ అడిగింది. ఈ మధ్య కాలంలో గుట్టకు అవతలి వైపున ఖనిజ అన్వేషణ కోసం బోర్లు వేశారు. దానివల్ల జంతువుల సంఖ్య మారిందా లేదా అన్నది వారు మాకిచ్చిన ప్రశ్న. నాలుగు రాత్రుల తర్వాత మా దగ్గర ఉన్న జవాబు ఇది: ఆడవి దాదాపు అన్నీ ఉన్నాయి, మగవి లేవు, రెండు కెమెరాల్లో తాజాగా ఒక పిల్లి కనిపించింది.

వదిలేసిన పెంపుడు పిల్లుల సంతతి అయిన అడవి పిల్లి ఆస్ట్రేలియాలో చిన్న జంతువులకు ఎంత చేటు చేసిందో అందరికీ తెలుసు. పిల్బరాలో కాలర్ తొడిగిన క్వోల్‌లను పిల్లులు చంపిన దాఖలాలూ ఉన్నాయి. మగవి ఎక్కువ దూరం తిరుగుతాయి కాబట్టి పిల్లికి ముందు చిక్కేదీ అవేనని మేము లెక్క వేసుకున్నాం. ముసాయిదా నివేదికలో “పిల్లుల దాడి వల్ల మగ జంతువుల సంఖ్య తీవ్రంగా పడిపోయి ఉండవచ్చు” అని రాశాం. ఆ వాక్యం సంస్థలో అందరికీ నచ్చింది. పిల్లికి వకీలు ఉండడు గదా. ఇప్పుడు చదువుకుంటే నాకు సిగ్గుగా ఉంటుంది. ఎందుకంటే జత కట్టే కాలం ముగిశాక ఉత్తర క్వోల్ మగవి మూకుమ్మడిగా చనిపోతాయన్నది నేను చదవని విషయం కాదు. ఉత్తర ఆస్ట్రేలియాలోని కకడూ జాతీయ వనంలో కపల్గా అనే చోట జరిగిన పరిశీలన ఫలితాలు 2001లోనే అచ్చయ్యాయి. ఒక్క కాన్పు కాలంతో మగవాటి జీవితం ముగిసే క్షీరదాల్లో ఇదే అతి పెద్దదని అప్పుడే తేల్చారు. అయితే కకడూలో జత కట్టేది మే, జూన్ నెలల్లో, పిల్బరాలో కొంత ఆలస్యంగా, జులై తర్వాత. పైగా అన్ని చోట్లా అన్ని మగవీ చావవని, కొన్ని చోట్ల కొన్ని మిగులుతాయని కూడా చదివాను. ఆ ‘కొన్ని మిగులుతాయి’ అన్న ముక్కను గట్టిగా పట్టుకుని, ఒక్కటీ మిగలలేదంటే ఇంకేదో జరిగిందని తీర్మానించుకున్నాను.

ముసాయిదా రాసే నాటికి కెమెరాల్లోని ఫొటోలు చూడటం పూర్తి కాలేదన్నది ఇంకో పొరపాటు. నాలుగు నెలల ఫొటోలు వేలకు వేలు. అందులో నూటికి తొంభై గాలికి ఊగే స్పినిఫెక్స్ గడ్డివే. చివరి రెండు వారాలవి మాత్రం చూసి, పిల్లి కనిపించగానే ఆపేశాం.

జట్టుకు తోడు వచ్చిన రేంజర్లలో ఒక పెద్దాయన ఉండేవారు. అక్కడ పెద్దవారిని అందరూ అంకుల్ అనే పిలుస్తారు, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. మూడో రోజు ఖాళీ బోనులు మూస్తూ, “అంకుల్, మగవి ఎక్కడికి పోయాయంటారు?” అని అడిగాను. ఆయన నవ్వి, “ఇది పిల్లల వేళ అబ్బాయ్. ఇప్పుడు వాటితో ఏం పని?” అన్నారు. నేను దాన్ని హాస్యం అనుకున్నాను. ఆ మధ్యాహ్నమే ఆయన ఒక రాతి అరుగు కింద చెయ్యి పెట్టి, ఎండి తోలుబొమ్మలా అయిన ఒక క్వోల్ కళేబరాన్ని బయటికి తీశారు. చిప్ రీడర్ ఆనిస్తే అది జూన్‌లో మేము గుర్తు వేసిన మ-2.

అక్టోబరు విడతలో నన్ను ఇంకా బాధించేది వేరే సంగతి. ఆ రోజుల్లో ఆడవాటిని బోనులో పట్టకుండా ఉండాల్సింది. దొరికిన నాలుగింటిలో మూడింటి పొట్టకు పిల్లలు వేలాడుతున్నాయి. ఈ జాతికి కంగారూలా లోతైన సంచి ఉండదు. ఈనే కాలంలో చనుమొనల చుట్టూ చర్మం ముడతగా లేచి ఒక గిన్నె అంచులా ఏర్పడుతుంది. చనుమొనలు మామూలుగా 8 ఉంటాయి. బియ్యపు గింజంత పుట్టిన పిల్లలు వాటిని కరుచుకుని వారాల తరబడి వదలవు; పెరిగి బరువయ్యాక గిన్నెలో పట్టక బయటికి వేలాడతాయి. రెండు నెలల వయసు దగ్గర పడుతుంటే తల్లి వాటిని నెర్రెలో దాచి వేటకు వెళ్తుంది, గూళ్లు మారుస్తూ ఉంటుంది. నాలుగో ఆడది, ఆ-3, అలా దాచి వచ్చినదే: ఆరు చనుమొనలు పొడుగ్గా సాగి పాలతో తడిగా ఉన్నాయి, పిల్ల ఒక్కటీ లేదు. అంటే రాత్రి ఏ వేళకో బోను తలుపు పడిన దగ్గర నుంచి తెల్లవారే దాకా ఆరు పిల్లలు ఎక్కడో పాలు లేక ఉన్నాయన్నమాట. తూకం, కొలతలు అన్నీ మానేసి, చిప్ మాత్రం చదివి వెంటనే వదిలాం. అది ఇరవై అడుగుల దూరంలోని ఒక నెర్రెలోకి దూరిపోయింది. ఆ రాత్రికి ఆ వరుసలో బోనులన్నీ మూసేశాం.

దిద్దుబాటు

ముసాయిదా పంపిన వారం తర్వాత, మిగిలిన ఫొటోలు చూసే పని ఒక రాత్రి మొదలుపెట్టాను. ఆగస్టు ఫొటోల్లో మ-4 విపరీతంగా తిరుగుతోంది. ఒకే రాత్రి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు కెమెరాల ముందు కనిపించింది. సెప్టెంబరు మొదటి వారానికి దాని తుంటి ఎముకలు బయటపడ్డాయి, వీపు వెనక భాగంలో అరచేతి వెడల్పున బొచ్చు ఊడింది. అలా బొచ్చు ఊడిన చోట మచ్చలు పోయి, గుర్తుపట్టడమే కష్టమైంది. మెడ మీది మూడు చుక్కలు మిగిలాయి గనుక సరిపోయింది. సెప్టెంబరు 19న తీసిన ఫొటోలో అది పట్టపగలు, ఎండలో, ఎర డబ్బా పక్కన ఊరికే కూర్చుని ఉంది. అదే ఆ సంవత్సరం దాని ఆఖరి ఫొటో. మిగతా మగవి కూడా ఒకదాని వెనుక ఒకటి సెప్టెంబరు నెలాఖరుకు ఫొటోల నుంచి తప్పుకున్నాయి. పిల్లి మొదటిసారి కెమెరాకు చిక్కినది అక్టోబరు రెండో వారంలో. నేరం జరిగాక ఊళ్లోకి వచ్చినవాడి మీద మేము కేసు పెట్టాం.

రెండో సాక్ష్యం మా రికార్డు పుస్తకంలోనే ఉంది, చూడలేదంతే. గడ్డి మైదానంలోని చిన్న పెట్టెల్లో కలూటా అనే ఎర్రటి చిన్న డాస్యూరిడ్ పడుతూ ఉండేది. సెప్టెంబరులో జత కట్టి, ఆ వెంటనే మగవన్నీ చనిపోయే జాతి అది. పిల్లలు నవంబరులో పుట్టే సరికి తండ్రులు ఎవరూ ఉండరు. జూన్‌లో ఆడా మగా కలిసి దొరికిన కలూటాలు అక్టోబరులో అన్నీ ఆడవే. అదే గుట్ట రాళ్లలో ఉండే ఇంకో చిన్న జీవి వూలీ సూడాంటెకినస్. డాస్యూరిడ్‌ల మీద జీవితకాలం పని చేసిన ప్యాట్రిషియా వూలీ గారి పేరు పెట్టిన జాతి ఇది. ఇందులో మగవి ఏళ్ల తరబడి బతికి మళ్లీ మళ్లీ జత కడతాయి. అక్టోబరులో అందులో మగవి రెండు దొరికాయి. పిల్లి ఆడా మగా చూసి తినదు, అందులోనూ జాతిని బట్టి మగవాటిని ఏరుకుని తినదు. మగవి చనిపోయే రెండు జాతుల్లో మగవి పోయి, చనిపోని జాతిలో మిగిలాయంటే, జవాబు పిల్లి దగ్గర లేదు, క్యాలెండరులో ఉంది.

మ-2 కళేబరాన్ని నగరంలోని ఒక పశువైద్యురాలికి పంపాం. ఎండిపోయిన శరీరం నుంచి తెలిసేది తక్కువేనని ఆమె ముందే చెప్పారు. చర్మం మీద పళ్ల గాట్లు లేవు, ఎక్స్‌రేలో విరిగిన ఎముక లేదు, చెవుల చుట్టూ చచ్చిన పిడుదులు గుంపుగా అతుక్కుని ఉన్నాయి. ఇంతకు మించి ఆమె రాయలేదు, మేమూ సాగదీయలేదు.

ఎందుకు చనిపోతాయి అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. దగ్గరి చుట్టమైన ఆంటెకినస్ అనే చిన్న డాస్యూరిడ్‌లో ఈ మరణం తీరు బాగా తెలిసినదే: జత కట్టే రెండు మూడు వారాల్లో పురుష హార్మోనుతో పాటు ఒత్తిడి హార్మోను అదుపు తప్పి పెరుగుతుంది, రోగనిరోధక శక్తి కూలిపోతుంది, పేగుల్లో రక్తస్రావం అవుతుంది. కపల్గాలో ఉత్తర క్వోల్‌ల రక్తాన్ని పరీక్షించినప్పుడు మాత్రం ఆ ఒత్తిడి హార్మోను కథ అలాగే పునరావృతం కాలేదు. బరువు తగ్గడం, బొచ్చు ఊడటం, పరాన్నజీవులు పెరగడం, రక్తం పలచబడటం కనిపించాయి. అంటే హార్మోను దెబ్బ కంటే అలసట అన్న మాట ఇక్కడ నప్పుతుంది. 2023లో ఉత్తర తీరానికి అవతలి గ్రూట్ ఐలాండ్ దీవిలోని క్వోల్‌ల మీద వెలువడిన పరిశీలన దీనికి బలం చేకూర్చింది. చిన్న కదలికలను నమోదు చేసే పరికరాలు తగిలించి చూస్తే, జత కట్టే కాలంలో మగవి విశ్రాంతికి కేటాయించిన సమయం సుమారు 8 శాతం, ఆడవి సుమారు 24 శాతం. ఒక మగది ఒకే రాత్రి 10.4 కిలోమీటర్లు నడిచింది. ఆ పనిలో పాల్గొన్న శాస్త్రవేత్తలు మగవి నిద్రను పణంగా పెట్టి ఆడవాటిని వెతుకుతున్నాయేమోనని అన్నారు. మ-4 పట్టపగలు ఎండలో కూర్చున్న ఫొటో చూసిన తర్వాత ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోలేకపోయాను.

ప్రకృతి ఇంత ఖర్చుకు ఎందుకు ఒప్పుకుంటుందన్నదానికి ప్రస్తుతం ఎక్కువమంది చెప్పే వివరణ ఇది. ఆడవన్నీ ఏడాదికొకసారి, దాదాపు ఒకే సమయంలో, కొద్ది రోజుల పాటే జతకు సిద్ధమవుతాయి. పిల్లలు పాలు మానే కాలం పురుగులు దండిగా దొరికే కాలంతో కలిసేలా ఆ సమయం కుదిరింది. ఒక్కో ఆడది ఒకటి కంటే ఎక్కువ మగవాటితో జత కడుతుంది, ఒకే ఈతలో పిల్లలకు వేర్వేరు తండ్రులు ఉంటారు. అలాంటప్పుడు వచ్చే ఏటికి శక్తి దాచుకున్న మగది, ఈ ఏడే సర్వం ధారపోసిన మగదాని చేతిలో ఓడిపోతుంది. దాచుకున్నవాడి సంతానం తగ్గుతూ పోతుంది, ధారపోసినవాడి సంతానం నిలుస్తుంది.

దీని అర్థం, అక్టోబరు నాటికి గుట్ట మీద మగవి లేకపోవడం తరుగుదల కాదు. 2003లో ఉత్తర ఆస్ట్రేలియాలోని ఆర్న్హెమ్ లాండ్ తీరానికి దూరంగా ఉన్న ఆస్టెల్, పొబాసూ దీవుల్లో 64 ఉత్తర క్వోల్‌లను వదిలినప్పుడు, ఏటా మగవి పోతూనే ఉన్నా కొన్నేళ్లలోనే వాటి సంఖ్య వేలకు చేరింది. ఆడవి బతికి, పిల్లలు ఎదిగితే చాలు. కాని అదే లెక్కను తిరగేసి చదివితే భయం వేస్తుంది. మగవన్నీ ఒకే ఏటివి కావడం వల్ల, ఏదో ఒక సంవత్సరం ఎదిగే పిల్లలు పోతే మరుసటి ఏటికి నిల్వ ఉండదు. 1935లో చెరకు తోటల్లోని పురుగులను తినడానికి హవాయి నుంచి క్వీన్స్‌లాండ్‌కు తెచ్చిన కేన్ టోడ్ అనే విషపు కప్ప 2001లో కకడూకు చేరినప్పుడు జరిగినది అదే. కప్పను కరిచిన క్వోల్ చచ్చిపోతుంది; అప్పటి వరకు క్వోల్‌లు దండిగా ఉన్న చోట్లు కొద్ది కాలంలోనే ఖాళీ అయ్యాయి. పిల్బరాకు ఆ కప్ప ఇంకా రాలేదు. ఉత్తరాన ఉన్న కింబర్లీ ప్రాంతానికి, పిల్బరాకు మధ్యనున్న ఎండు తీరంలో పశువుల కోసం తవ్విన నీటి వనరులే దానికి మెట్లవుతాయి గనుక, వాటిని మూసి నీటిని కప్ప అందుకోలేని తొట్లకు మార్చి ఆ దారి తెంచాలన్న ప్రతిపాదన ఉంది. అది వచ్చే లోపు ఎక్కడ ఎన్ని క్వోల్‌లు ఉన్నాయో సరైన నెలలో లెక్క పెట్టి ఉంచకపోతే, వచ్చిన తర్వాత ఎన్ని పోయాయో చెప్పే ఆధారం మన దగ్గర ఉండదు.

సవరించిన నివేదికలో పిల్లి వాక్యాన్ని తీసేశాం. తీసేయడానికి కారణం కూడా అనుబంధంలో రాశాం, ఎందుకంటే ముసాయిదా అప్పటికే పది మంది చేతుల్లో ఉంది. బోర్ల వల్ల మార్పు వచ్చిందా అన్న అసలు ప్రశ్నకు ఈ రెండు విడతల సమాచారం జవాబు ఇవ్వలేదని ఒప్పుకున్నాం. ఒకే నెలలో ఏటేటా చూస్తేనే అది తేలుతుంది. బోనులు జూన్‌లో మాత్రమే పెట్టాలని, సెప్టెంబరు నుంచి అక్కడి వేసవి ముగిసే ఫిబ్రవరి దాకా కెమెరాలతోనే సరిపెట్టుకోవాలని సూచించాం. గడువు తేదీలు మార్చాల్సి వస్తుంది గనుక సంస్థలో ఒకరిద్దరు గొణిగారు గాని, ఆ-3 ఫొటో అనుబంధంలో చూశాక ఎవరూ గట్టిగా అభ్యంతరం చెప్పలేదు. “ఈ గుట్టల్లో మగ ఉత్తర క్వోల్‌లు జత కట్టే కాలం తర్వాత అన్నీ చనిపోతాయి” అన్న వాక్యం కూడా ఆ నివేదికలో ఉంది.

మరుసటి జూన్‌లో మళ్లీ వెళ్లాం. ఈసారి 13 దొరికాయి, మగవి 7. ఆరింటి మీది మచ్చలు కొత్తవి, చిప్ లేదు. చెవి ముక్కల జన్యు పరీక్షలో అందులో రెండింటికి ఆ-3 తల్లి అని తర్వాత తెలిసింది. ఏడోది ఆఖరి రోజు ఉదయం, గుట్ట ఉత్తరపు కొసన 41వ బోనులో పడింది. బొచ్చు పలచగా ఉంది, ఎడమ కోరపన్ను మొద్దుబారింది, బరువు 710 గ్రాములు. కొత్త చిప్ సిద్ధం చేస్తూ అలవాటు కొద్దీ రీడర్ ముందు దాని భుజాల మీదుగా తిప్పితే కూత వచ్చింది. తెర మీద వచ్చిన నంబరును అంకుల్‌కు చూపించి, పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. మ-6. గడిచిన జులై ఆఖరు తర్వాత మా కెమెరాలు దేనిలోనూ అది పడలేదు. ఆ రాత్రే నివేదికలోని ఆ వాక్యాన్ని మళ్లీ తెరిచి, ‘అన్నీ’ ముందు ‘దాదాపు’ అని చేర్చాను.